‘దేవుడు’ ఒక్కటే మాట - అర్థాలు అనేకం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా దేవుని పేరు ఎత్తని వారు అరుదు. వాన పడితే దేవుడు, పడకపోతే దేవుడు. అయితే ఆ మాట అన్న ప్రతిసారీ మనసులో ఉన్నది ఒకే అర్థం కాదు. దేవుడున్నాడా లేడా అని రచ్చబండ మీద వాదులాడుకునే ఇద్దరూ చాలాసార్లు రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుతుంటారు.

ఊరూ పేరూ ఉన్నవాడు

ఇక్కడివారికి దేవుడంటే ముందుగా ఊరూ పేరూ ఉన్నవాడు. వేములవాడలో రాజన్న, ధర్మపురిలో నర్సన్న, కొండగట్టులో అంజన్న. శుభలేఖల మీద రాజరాజేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి, ఆంజనేయస్వామి అని అచ్చు వేయించినా జనం నోట మాత్రం ‘అన్న’ చేరుతుంది. లోకాన్ని పుట్టించినవాడి కంటే ముందు ఆయన ఇంటి పెద్దదిక్కు. సంతానం కలిగితే కోడెను కడతామని మొక్కుతారు. కోరిక తీరాక కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. ఆ ఇంట్లో దేవుడున్నాడా అన్న ప్రశ్న పుట్టదు. మొక్కు తీర్చామా లేదా అన్నదే ప్రశ్న. 2016లో ఏర్పడిన కొత్త జిల్లాకు రాజన్న సిరిసిల్ల అని ఆయన పేరే కలిపారు.

ఈ దేవుని దగ్గర మతాల గోడ కూడా పలుచన. రాజన్నకు మొక్కినవారు ఆ గుడి ఆవరణలోని దర్గాకూ మొక్కుతూ వచ్చారు. మొహర్రంలో పీరీలు లేస్తే ఊళ్లోని హిందువులూ ‘పీరీల దేవుడు’ అనే అంటారు.

కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మరో అర్థం చెబుతుంది. 10వ శతాబ్దిలో జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగుల్లో శాసనం చెక్కించింది అక్కడే. ఆ బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. జైనుల లెక్కలో లోకాన్ని పుట్టించిన దేవుడంటూ లేడు. కోరికలను గెలిచిన మనిషే పూజ్యుడు.

కచేరీలో దేవుడు

భూమి కాగితాల్లో దేవుడు ఆసామి. గుడి మాన్యం పూజారిదీ కాదు, ధర్మకర్తదీ కాదు, దేవునిది. గుడిలో ప్రతిష్ఠించిన దేవునికి చట్టం ముందు ఒక వ్యక్తి హోదా ఉందని 1925లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. 2019 అయోధ్య తీర్పులో సుప్రీంకోర్టు రామ్‌లల్లాను అలాగే గుర్తించింది. అయితే ఈ ఆసామి వచ్చి సంతకం చేయలేడు. ఆయన తరఫున నిలబడిన మనిషి ఏమరితే దేవుని భూమికి గట్లు జరుగుతాయి.

కోర్టులో ఆయనే సాక్షికి సాక్షి. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని పేర ప్రమాణం చేయవచ్చు, ఆ పేరు ఎత్తకుండానూ చేయవచ్చు. అబద్ధమాడితే ఇద్దరికీ చట్టం ఒకటే. రాజ్యాంగ పీఠికను దేవుని పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ తెచ్చిన సవరణ 1949 అక్టోబరు 17న 41-68 ఓట్లతో వీగిపోయింది. దేవుని మీద ఓటు వేసే ఇబ్బంది తమకు తేవద్దని పూర్ణిమా బెనర్జీ ఆ రోజు సభలో వేడుకున్నారు.

తెలియనిదానికి పేరు

‘గది దేవునికే ఎరుక’ అన్నప్పుడు ఆ మాట మన తెలివికి అందని హద్దును చూపుతుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. మశూచి వస్తే అమ్మవారు పోసిందని చేతులు ముడుచుకున్న రోజులున్నాయి. ఇంటింటికీ టీకాలు వేశాక 1975లో దేశంలో చివరి కేసు కనిపించింది. 1977లో మశూచి పోయిందని ధ్రువీకరించారు. పోచమ్మకు బోనాలు మాత్రం ఆగలేదు. భయం పోయినా భక్తి నిలిచింది. జబ్బు వేరు, తల్లి వేరని జనమే తేల్చుకున్నారు.

గల్ఫ్ బతుకుల్లోనూ ఈ తేడా అక్కరకొస్తుంది. దేవుని మీద భారం వేసి విమానం ఎక్కేవారు ఈ ప్రాంతంలో వేల మంది. అక్కడ రోజూ వినిపించే ‘ఇన్షా అల్లా’ అన్న మాటకు ‘దేవుడు తలిస్తే’ అని అర్థం. దేవుని తలపు ఎలా ఉన్నా జీతం ఇవ్వవలసింది పనిచేయించుకున్నవాడే. అందుకే భారం వేసేముందు వీసా కాగితం, పని ఒప్పందం తెలిసినవారితో చదివించుకోవడం మేలు.

మనిషిలో దేవుడు

అర్ధరాత్రి ఆసుపత్రిలో రక్తం ఇచ్చినవాణ్ని చూసి ‘దేవుని లెక్క వచ్చిండు’ అంటారు. అతనిది ఏ కులమో, ఏ మతమో, గుడికి పోతాడో లేదో ఎవరూ అడగరు. ఇక్కడ దేవుడంటే ఆపదలో అందిన చెయ్యి.

ఈ అర్థాల్లో ఏది తప్పు, ఏది ఒప్పు అనే తగాదా అక్కర్లేదు. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగించినప్పుడే నష్టం. మొక్కు రాజన్నకు చెల్లించవచ్చు. టీకా మాత్రం దవాఖానలోనే వేయించాలి.