ప్లాటినం జాలీ మీద నికెల్ లెక్క

కుళాయిలకూ సైకిలు హ్యాండిళ్లకూ నికెల్ పూత వేసేది మెరుపు కోసం, తుప్పు పట్టకుండా ఉండడం కోసం. అదే పూతను తూకం కోసం కూడా వేస్తారు. ఈసారి మనం ఆ సంగతి చూద్దాం.

అమెరికాలో ఐదు సెంట్ల నాణేన్ని ‘నికెల్’ అంటారు. నిజానికి అందులో 75 పాళ్లు రాగి, నికెల్ 25 పాళ్లే. అయినా నాణెం తెల్లగానే ఉంటుంది. మరి ఎవరైనా నికెల్ కాస్త తగ్గించి పోస్తే మన కంటికి ఎలా తెలుస్తుంది? రాగిని, నికెల్‌ను కరెంటుతో ప్లాటినం మీదికి రప్పించి తూచవచ్చని 1864లో వోల్కాట్ గిబ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించాడు.

ముందుగా నాణెం ముక్కను తూచి ఆమ్లంలో కరిగిస్తారు. సన్నని ప్లాటినం తీగలతో అల్లిన జాలీని కూడా తూచి, కరెంటు ఋణధ్రువానికి కలిపి ద్రావణంలో ముంచుతారు. లోహ అయాన్లు దాని దగ్గరికి చేరి, రెండేసి ఎలక్ట్రాన్లు పుచ్చుకుని, లోహంగా మారి అంటుకుంటాయి.

రాగి ఇలా తేలిగ్గా దిగుతుంది. నికెల్ దిగదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎలక్ట్రాన్ల కోసం కట్టిన వరసలో రాగిది ముందు చోటు (+0.34 వోల్టులు), తర్వాత హైడ్రోజన్ (0), ఆ వెనక నికెల్ (-0.25). ఆమ్లం నిండా హైడ్రోజన్ అయాన్లే కదా! రాగి అయిపోయాక అవే ఎగబడి బుడగలై పోతాయి, నికెల్ వంతు రాదు. అందుకని రాగి దిగిన జాలీని తీసి తూచాక, ద్రావణంలో మిగిలిన నత్రికామ్లాన్ని కాచి వెళ్లగొట్టి, అమ్మోనియా బాగా పోస్తారు. హైడ్రోజన్ అయాన్లు దాదాపు మాయమవుతాయి. నికెల్ మాత్రం అమ్మోనియా అణువులను చుట్టూ చేర్చుకుని, నీలిరంగులో కరిగే ఉంటుంది. ఇప్పుడు మళ్లీ కరెంటు ఇస్తే ప్లాటినం మీద నికెల్ పేరుకుంటుంది.

నీలిరంగు పోయిందని పని అయిపోయినట్టు కాదు. ఒక చుక్క తీసి డైమిథైల్ గ్లయాక్సైమ్ కలిపి చూడాలి. ఎర్రబడితే ఇంకా నికెల్ ఉన్నట్టే.

12వ తరగతి వాళ్లు ఇక్కడ ఫారడే నియమంతో లెక్క కట్టవచ్చు: 1 ఆంపియర్ గంటసేపు పారితే సుమారు 1.09 గ్రాముల నికెల్ దిగాలి. కానీ కరెంటులో కొంత హైడ్రోజన్‌కు పోతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ గడియారాన్ని కాదు, త్రాసునే నమ్మాలి.

ఇంత ఖరీదైన ప్లాటినమే ఎందుకంటారా? పని అయ్యాక జాలీని వెచ్చని సజల నత్రికామ్లంలో ముంచితే నికెల్ కరిగిపోతుంది, ప్లాటినం చెక్కుచెదరదు. కడిగి ఆరబెడితే పాత బరువుతోనే తర్వాతి పనికి సిద్ధం. బదిలీ అయిన ప్రతిసారీ సామాను లెక్క తప్పే మన ఇళ్లకు ఆ భాగ్యం లేదు!

ఐదు సెంట్ల నాణెం బరువు సరిగ్గా 5 గ్రాములు. అందులో పదో వంతు, అంటే అర గ్రాము కరిగించామనుకుందాం. రెండోసారి తూచినప్పుడు జాలీ 0.125 గ్రాములు పెరిగి ఉండాలి. అంతకన్నా బాగా తగ్గిందా, టంకశాల వాళ్లను అడగాల్సిందే.