ఏ ముఖానికి ఈ మాస్కు?

నా మొదటి ఫిట్ టెస్టులో నేను ఫెయిలయ్యాను.

టెక్సాస్‌లో ఒక రసాయనాల ప్లాంట్లో చేరిన రెండో వారం అది. ముఖానికి మాస్కు పెట్టి, తల మీది నుంచి భుజాల దాకా ఒక పలచటి ముసుగు తొడిగారు. ముసుగుకున్న చిన్న రంధ్రంలోంచి చేదు ద్రావణం పిచికారీ కొడతారు. మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటే నాలుకకి ఏమీ తెలియదు. ఎక్కడైనా సందుంటే చేదు తగులుతుంది. మామూలుగా ఊపిరి తీసుకోమన్నారు, గట్టిగా తీసుకోమన్నారు, తల పక్కలకు తిప్పమన్నారు, పైకీ కిందకీ ఆడించమన్నారు. తర్వాత ఇంద్రధనుస్సు గురించిన ఒక పేరా ఇచ్చి పైకి చదవమన్నారు. రెండో వాక్యం పూర్తికాకముందే నోరంతా వేపాకు నమిలినట్టయింది.

"సరిగ్గా పెట్టుకోలేదేమో" అన్నాడు టెస్టు చేసే ఆయన. నోరు కడుక్కుని, కాసేపాగి మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ చేదు. మూడోసారి కూడా అంతే అయ్యాక "మీ ముఖం బాగా చిన్నది" అన్నాడు, అదేదో నా తప్పన్నట్టు. స్టోర్‌లో ఉన్నది ఒకటే సైజు. చిన్న సైజు తెప్పించడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నన్ను యూనిట్లోకి అడుగు పెట్టనివ్వలేదు.

అప్పుడు చిన్నతనం అనిపించింది. తర్వాత చాలా ఏళ్ళకి, పని మారి నేనే ఆ ప్లాంట్లో కార్మికుల ఆరోగ్య రక్షణ చూసే ఉద్యోగంలోకి వచ్చాక, అది ఎంత అదృష్టమో అర్థమైంది. ఆ మాస్కు నా ముఖానికి పనికిరాదని ఎవరో ఒకరు పరీక్ష పెట్టి చెప్పారు. మా నాన్నకి అలా చెప్పినవాళ్ళు లేరు.

మాది మార్కాపురం. మీలో చాలామంది అక్షరాలు దిద్దిన పలక మా ఊరి రాయే అయివుంటుంది. నాన్న పలకల రాయి కోసే పనిలో ఉండేవాడు. ముక్కుకీ నోటికీ తుండుగుడ్డ చుట్టుకుని వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు బూడిద రంగులో ఉండేవి. గుడ్డ విప్పితే ముక్కు రంధ్రాలు ఉండే చోట రెండు మచ్చలు. అవి చూసి నేనూ తమ్ముడూ నవ్వేవాళ్ళం. అమ్మ మాత్రం "చూడు, ఎంత దుమ్ము ఆపిందో" అనేది ఆ గుడ్డని చూసి, తృప్తిగా.

ఆ గుడ్డ ఆపింది కంటికి కనిపించే దుమ్మును. రాయిలోని సిలికా నలిగినప్పుడు వచ్చే అసలు ప్రమాదం మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులు. అవి గుడ్డ నేతలోంచి, అంచుల పక్కనుంచి లోపలికి పోయి ఊపిరితిత్తుల అట్టడుగున చేరి అక్కడే ఉండిపోతాయి. నాన్నకి దగ్గు మొదలైనప్పుడు టీబీ అన్నారు. రెండుసార్లు పూర్తి కోర్సు మందులు వాడాం. చివరికి గుంటూరులో ఒక డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవారు?" అని అడిగారు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. సిలికోసిస్. దానికి మందు లేదు. ఆ తర్వాత నాన్న నాలుగేళ్ళు బతికాడు.

ఇది మా ఇంటి కథే కాదు, అమెరికాదీ. 1930, 31లలో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ దగ్గర కొండలో సొరంగం తవ్వారు. ఆ రాయి నిండా సిలికా. తవ్విన కూలీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, వాళ్ళకి మాస్కులు లేవు. కొద్ది నెలలు, ఏడాది పనికే వందలమంది చనిపోయారు. 1936లో అమెరికన్ కాంగ్రెస్ దాని మీద విచారణ జరిపింది. దుమ్ము మాస్కులు ఎలా ఉండాలో, ఏ పరీక్షలో నెగ్గాలో అమెరికా గనుల శాఖ మొదటిసారి నియమాలు పెట్టింది కూడా ఆ కాలంలోనే, 1934లో. ప్రమాణాల పుస్తకాలు తిరగేస్తే అన్నీ అంకెలే కనిపిస్తాయి. ఆ అంకెల వెనక ఇలాంటి చావులుంటాయి.

2020లో మనందరం మాస్కుల పండితులమైపోయాం కదా. ఎన్95 అన్న పేరు 1995లో వచ్చిన అమెరికా నియమాలది. నిమిషానికి 85 లీటర్ల గాలి లాగుతూ, చాలా సన్నటి ఉప్పు రేణువులు వదిలితే అందులో కనీసం 95 శాతం ఆపాలి. యూరప్‌లో ఎఫ్ఎఫ్‌పీ2 అంటారు, అక్కడ 94 శాతం, గాలి 95 లీటర్లు. చైనాకి కేఎన్95, మన దేశానికి ఐఎస్ 9473. పరీక్షలు దాదాపు ఒకటే, కానీ ఒకటి కావు. అందుకే ఆ ఏడు ఒక దేశంలో పాసైన మాస్కు ఇంకో దేశపు ఓడరేవులో దిగేసరికి మళ్ళీ అనుమానపు చూపులు ఎదుర్కొంది.

ప్రపంచమంతటికీ ఒకే కొలబద్ద ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్న కోవిడ్‌కి చాలా ముందే పుట్టింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓలో ఈ శతాబ్దం మొదట్లోనే ఒక ఉపసంఘం ఈ పని మొదలుపెట్టింది. 2007లో మొదటి పత్రం, 2021లో అసలు పరికరాల ప్రమాణం, ఐఎస్ఓ 17420. మధ్యలో డజన్ల కొద్దీ పత్రాలు. దాదాపు ఇరవై ఏళ్ళ పని.

వాళ్ళు చేసిన మంచి పని, నా దృష్టిలో, మాస్కుతో కాకుండా మనిషితో మొదలుపెట్టడం. ఆ 2007 పత్రం మాస్కు గురించి కాదు, మనిషి ఊపిరి గురించి. కూర్చున్నప్పుడు ఎంత గాలి పీలుస్తాడు, బరువు మోస్తే ఎంత, ప్రాణభయంతో మెట్లెక్కుతుంటే ఎంత? దాని మీద ఆధారపడి తర్వాత పరికరాలను నాలుగు శ్రమ తరగతులుగా విభజించారు: నిమిషానికి 35, 65, 105, 135 లీటర్లు. తీరిగ్గా నిలబడి చేసే పనికి సరిపోయే మాస్కు రాయి మోసేవాడికి ఊపిరాడనివ్వదు. ఊపిరాడని మాస్కుని మనిషి తీసేస్తాడు. జేబులో ఉన్న మాస్కు ఎంత శాతం దుమ్ము ఆపుతుందో ఏ ప్రయోగశాలా కొలవనక్కర్లేదు.

రెండోది ముఖం. అమెరికాలో మాస్కుల సైజులు చాలాకాలం 1967, 68లలో వాయుసేన వాళ్ళని కొలిచిన కొలతల మీద నడిచాయి. సైనికుల ముఖాలు. 2003లో ప్రభుత్వ పరిశోధకులు దాదాపు నాలుగు వేలమంది కార్మికుల ముఖాలు కొత్తగా కొలిచి చూస్తే, సుమారు 15 శాతం మంది పాత లెక్కలోకే రాలేదు. నా వేపాకు చేదుకి కారణం అప్పుడు తెలిసింది. నా ముఖం చిన్నది కాదు, వాళ్ళ కాగితం చిన్నది. కొత్త కొలతల నుంచి అయిదు నమూనా తలలు తయారయ్యాయి: చిన్నది, మధ్యరకం, పెద్దది, పొడుగ్గా సన్నగా ఉండేది, పొట్టిగా వెడల్పుగా ఉండేది. ఐఎస్ఓ పత్రాల్లోకి ఎక్కినవి ఈ తలలే. 2006లో చైనా కూడా మూడు వేలమంది తన కార్మికులని కొలుచుకుంది.

ఆ అమెరికా లెక్కలో జాతుల పట్టిక ఉంది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, హిస్పానిక్‌లు, ఆ తర్వాత "ఇతరులు". మనం ఆ నాలుగో గడిలో ఉంటాం. మార్కాపురం ముఖం ఆ రెండు దేశాల లెక్కల్లోనూ లేదు.

సాహిత్యం చదివేవాళ్ళకి నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఈ పత్రాల్లో గొడవంతా క్రియాపదాల మీదే. ఇంగ్లీషులో "షల్" అని రాస్తే తప్పనిసరి, "షుడ్" అంటే సిఫారసు, "మే" అంటే అనుమతి. అంటే తెలుగులో వేసుకోవాలి, వేసుకుంటే మంచిది, వేసుకోవచ్చు. నాన్న పనిచేసిన చోట మేస్త్రీ రోజూ అనేవాడట, "గుడ్డ కట్టుకుంటే మంచిది రా" అని. ఆ "మంచిది" ఖరీదు మా నాన్న కట్టాడు.

ఇంకొకటి కర్త. మన కార్ఖానా గోడల మీద "మాస్కు ధరించాలి" అని రాసి ఉంటుంది. ఎవరు ధరించాలో చెప్పనక్కర్లేదు, కూలీవాడే. మరి ఎవరు కొనివ్వాలి? ఏ సైజు? సరిపోయిందో లేదో ఎవరు చూడాలి? తెలుగులో కర్తని మింగేసినా వాక్యం నిలబడుతుంది, బాధ్యత మాత్రం నిలబడదు. అమెరికా చట్టంలో ఆ వాక్యాల కర్త యజమాని. యజమాని ఇవ్వాలి, ఉచితంగా ఇవ్వాలి, రకరకాల సైజుల్లోంచి ఎంచుకోనివ్వాలి, ఫిట్ టెస్టు చేయించాలి. నాకు చిన్న సైజు తెప్పించింది ఎవరి మంచితనమో కాదు, ఆ వ్యాకరణం.

ముసాయిదా వచ్చినప్పుడు దేశాలు వ్యాఖ్యలు పంపుతాయి. దానికొక పట్టిక. ఏ పేరా, ఏమిటి అభ్యంతరం, దాని బదులు ఏం రాయాలి. ఆఖరి గడిలో సంఘం జవాబు రాయాలి, ప్రతి వ్యాఖ్యకీ. "ఇది బాలేదు" అంటే చాలదు, బాగుండే వాక్యం నువ్వే రాసివ్వాలి. మన పుస్తక సమీక్షలకీ ఈ నియమం పెడితే ఎలా ఉంటుందా అని నవ్వుకుంటుంటాను.

అంతా బాగానే ఉందని కాదు. ఐఎస్ఓ ప్రమాణం చట్టం కాదు, ఏ దేశమైనా స్వీకరిస్తేనే దానికి బలం. అమెరికా, యూరప్ ఇప్పటికీ తమ పాత పద్ధతుల్లోనే నడుస్తున్నాయి. పైగా ఆ పత్రాలు డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఎవరి ఊపిరి కోసం రాశారో వాళ్ళ చేతికి అవి ఎప్పటికీ రావు.

తమ్ముడిప్పుడు మార్కాపురంలోనే రాయి కోసి నేలకీ గోడలకీ వేసే బండలు తయారుచేసే చిన్న షెడ్డు నడుపుతున్నాడు. అయిదుగురు పనివాళ్ళు. పోయిన కార్తీకంలో ఒక పెట్టెడు మాస్కులు పంపాను. వారానికి ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు పంపినయ్యి పెట్టుకుంటే అరగంటకే ఊపిరాడట్లా. పైగా గడ్డం, గుచ్చుకుంటా ఉంది."

"గడ్డం ఏంది రా?" అని నాలుక కరుచుకున్నాను. మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నవాళ్ళని రా అనకూడదు. "స్వామీ, గడ్డం ఉంటే ఆ మాస్కు అతుక్కోదు. అంచు కింద వెంట్రుకలుంటే దుమ్ము పక్కనుంచి పోతుంది. పెట్టుకున్నా పెట్టుకోనట్టే."

"మరి మాల తీసేదాకా?"

గడ్డం మీద ఆధారపడని రకాలున్నాయి, తలంతా కప్పి మోటారుతో శుభ్రమైన గాలి పంపేవి. వాటి ధర చెప్తే తమ్ముడు నవ్వాడు. అప్పుడు నేను ముందే చెప్పాల్సిన మాట చెప్పాను. మాస్కు ఆఖరి కాపలా. మొదటిది దుమ్ము లేవకుండా చూడటం. రంపం మీద నీళ్ళు పడేలా పైపు పెట్టు. మాల తీసేదాకా నువ్వు రంపం దగ్గరకి పోవద్దు, లెక్కలు చూసుకో.

సంక్రాంతి వెళ్ళాక వీడియోలో కనిపించాడు. నున్నగా గీసిన గడ్డం. వెనక రంపం మీద సన్నగా నీళ్ళు పడుతున్నాయి, దుమ్ము బదులు బూడిద రంగు బురద కారుతోంది. మాస్కు పెట్టుకుని, నేను చెప్పినట్టు రెండు చేతులతో కప్పి గట్టిగా ఊదాడు. "ఎక్కడా పోవట్లా అక్కా" అన్నాడు. ఇది ఫిట్ టెస్టు కాదని, రోజూ పెట్టుకోగానే చేసుకునే చిన్న తనిఖీ మాత్రమేనని చెప్పాను. వాడి పక్కన బండలు పేర్చే ఆమె కూడా పెట్టుకుని ఊదింది. కళ్ళు టపటపా కొట్టుకుంది. గాలి ముక్కు పక్కనుంచి పైకి తంతోంది.

"ఈమెకి పెద్దదైంది అక్కా. ముఖం చిన్నది గదా" అన్నాడు తమ్ముడు.

"ముఖం చిన్నది కాదు, నేను పంపిన మాస్కు పెద్దది" అన్నాను. ఆ రాత్రే చిన్న సైజు ఒక పెట్టె ఆర్డరు పెట్టాను.