చివరి రికార్డు

సినిమా పాటకు ఆయుష్షు తక్కువంటారు. గాయకుడు శ్రోతల దగ్గర సెలవు తీసుకుంటూ ఇచ్చిపోయిన రికార్డు మాత్రం చాలాకాలం బతుకుతుంది. బీటిల్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం కథ చూడండి. ఆ నలుగురూ కలిసి చేసిన చివరి పని 1969లో వచ్చిన 'అబే రోడ్'. అంతకుముందే చాలావరకు పాడి పక్కన పెట్టిన 'లెట్ ఇట్ బి' 1970 మే నెలలో, బృందం విడిపోయాక విడుదలయింది. విడిపోయినా నలుగురూ అప్పటికి క్షేమంగానే ఉన్నారు.

మన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి సెలవు అలాంటిది కాదు. దాదాపు ముప్ఫయి ఏళ్లు సినిమాలకు పాడిన ఆ గొంతు, ఆరోగ్యం సన్నగిల్లిన రోజులలో భగవద్గీతను ఎత్తుకున్నది. ఏడువందల శ్లోకాలలో నూరు పైచిలుకు ఏరి పాడి, ఒక్కొక్కదానికి తేట తెలుగులో తాత్పర్యం చెప్పారాయన. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికాయన వయస్సు 51. ఆ రికార్డు విడుదలయింది ఆ తరువాతనే.

ఒకప్పటి వరంగల్లు జిల్లాలోని మా కేసముద్రంలోనైనా, మరే తెలుగు ఊళ్లోనైనా, పొద్దున్నే మైకులో ఆ గొంతు వినిపిస్తే, "అయ్యో, ఎవరు పోయారో!" అంటారు. వైకుంఠరథం వెంట అదే గీత. ఆత్మకు చావు లేదనీ, చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకోవడం వంటిదే మరణమనీ చెప్పే మాటలు దుఃఖంలో ఉన్న ఇంటికి ఓదార్పే. కాదనలేము. కాని ఇంట్లో మామూలు రోజున ఆ రికార్డు పెడితే, "అశుభం, ఆపండి" అనే పెద్దలున్నారే, చిక్కంతా అక్కడ!

గీత పుట్టింది చావింట్లో కాదు. చేయవలసిన పని ఎదుట నిలిస్తే చేతులాడక, విల్లు వదలి చతికిలబడినవాడికి చెప్పిన మాట అది. చివరకు అర్జునుడు సందేహం తీరి లేచి నిలబడ్డాడు. పరీక్ష అంటే బెదిరే అబ్బాయికీ, పంట పోయి దిగులుపడ్డ రైతుకూ, అత్తవారింట్లో మొదటి రోజులు గడుపుతున్న అమ్మాయికీ అది పనికిరాదా?

పాడినాయన వెళ్లిపోయాడు; వినవలసినవాళ్లం మనం బతికే ఉన్నాం. ఈ ఆదివారం కాఫీ వేళకు, ఇంటిల్లిపాదీ కూర్చొని, ఒక్క అధ్యాయం పెట్టుకొని వినండి. పిల్లలకు అర్థం చెప్పే శ్రమ కూడా మీకుండదు. ఆ పని ఘంటసాలవారే చేసిపెట్టి వెళ్లారు.