షుగర్ ఉన్నవాళ్లు రోజా ఉండొచ్చా? అందరికీ ఒకే జవాబు లేదు

జహీరాబాద్: రంజాన్ దగ్గర పడితే షుగర్ పేషెంట్ ఉన్న ప్రతి ఇంట్లో ఇదే చర్చ. "పక్కింటి చాచా ఉంటున్నారు కదా, నాకేమవుతుంది?" అంటారు పెద్దవాళ్లు. కానీ చాచా షుగర్ వేరు, మన ఇంట్లో వాళ్ల షుగర్ వేరు. డాక్టర్లు ఈ మాట పరిశోధనలు చూసే చెప్తున్నారు.

2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ పేషెంట్లపై 'ఎపిడయార్' అనే అధ్యయనం జరిగింది. టైప్ 2 వాళ్లలో నూటికి 79 మంది, టైప్ 1 వాళ్లలో 43 మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. షుగర్ బాగా పడిపోయి ఆసుపత్రి పాలైన ఘటనలు టైప్ 2లో మామూలుగా వెయ్యి మందికి నెలకు 4 ఉంటే, రంజాన్‌లో 30 అయ్యాయి. టైప్ 1లో 30 నుంచి 140కి పెరిగాయి.

మూడు గుంపులు

ఇలాంటి పరిశోధనల ఆధారంగా అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, రంజాన్‌పై పనిచేసే డాక్టర్ల కూటమి కలిసి 2016లో మార్గదర్శకాలు ఇచ్చాయి. 2021లో వాటికి మార్కుల పద్ధతి చేర్చాయి. షుగర్ ఏ టైపు, ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, గర్భిణా, ఒళ్లు వంచి చేసే పనా... ఇవన్నీ లెక్కేస్తారు. 3 లోపు వస్తే ప్రమాదం తక్కువ, 6 వరకు మధ్యస్థం, 6 దాటితే ఎక్కువ. ఎక్కువ ఉన్నవాళ్లు రోజా ఉండొద్దనే సలహా ఇస్తారు.

ముందే అడిగితే ఎంత తేడా

లండన్‌లో 111 మందిపై చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. రంజాన్‌కు ముందు తిండి, మందుల గురించి క్లాసు విన్నవాళ్లలో షుగర్ పడిపోయిన ఘటనలు 9 నుంచి 5కి తగ్గాయి. విననివాళ్లలో 9 నుంచి 36కి పెరిగాయి.

ఏం చేయాలి?

- రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవండి. సహరికి ఏ గోళీ, ఇఫ్తార్‌కు ఏ గోళీ, ఎంత డోసు అని రాయించుకోండి. సొంతంగా మానేయొద్దు, మార్చొద్దు.
- వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమాలు చెప్తున్నారు.
- షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాలి. చెమటలు, వణుకు వస్తే వెంటనే చూసుకోండి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా ఆగొద్దు.

సూరె బఖరా 184, 185 ఆయతుల్లో రోగులకు మినహాయింపు ఉంది. ఖజానా, ఫిద్యానా అన్నది మౌలానాను అడగండి. ఏ గుంపులో ఉన్నారో మాత్రం డాక్టరే చెప్పాలి. ఒకే ఇంట్లో అబ్బాకు ఒక జవాబు, అమ్మీకి ఇంకో జవాబు రావచ్చు.