పెంపుడు కుక్కకు చాక్లెట్ విషమే: పల్లె కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే వేరుసెనగ పప్పును బెల్లపు పాకంలో కలిపి చేసే కడలై మిట్టాయి గుర్తుకు వస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు పేరు చెప్పగానే పాలకోవా గుర్తుకు వస్తుంది. పాలకోవాకు 2019లోను, కడలై మిట్టాయికి 2020లోను భౌగోళిక గుర్తింపు లభించింది. పిల్లలు తాము తినే మిఠాయిలో ఒక ముక్కను వాకిట కాపలా ఉండే కుక్కకు వేయడం ఏ పల్లెలోనైనా కనిపించేదే. అతిగా తింటే కుక్కకు కడుపు చెడవచ్చును గాని, బెల్లంలోను, వేరుసెనగలోను, పాలలోను దాని ప్రాణం తీసే విషం లేదు. అయితే నేడు చిన్న పల్లెలోని అంగడిలో కూడా చాక్లెట్ దొరుకుతున్నది. పుట్టినరోజు కేకు, క్రిస్మస్ కేకు, కోకో పొడి కలిపిన బిస్కెట్టు ఇంటింటికీ చేరాయి. పాత మిఠాయి వేసిన చేతితోనే ఈ కొత్త మిఠాయిని కూడా కుక్కకు వేయడం జరుగుతున్నది. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

తూత్తుకుడి, విరుదునగర్ జిల్లాల ప్రజలకు కుక్క కేవలం పెంపుడు జంతువు కాదు. తోటకు, మందకు, ఇంటికి కాపలాదారు. వలస వచ్చిన తెలుగు రాజుల కుటుంబాలు స్థిరపడిన రాజపాళయం పట్టణం పేరుతోనే తెల్లని రాజపాళయం జాతి దేశమంతటా ప్రసిద్ధి పొందినది. 2005లో భారత తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు దేశీయ శునక జాతుల తపాలా బిళ్లలలో రాజపాళయం ఒకటి. సన్నని నడుముతో వేగంగా పరుగెత్తే చిప్పిప్పారై, కన్ని జాతులు కూడా ఈ దక్షిణ సీమవే. ఇంతటి పేరుగల జాతి కుక్కకైనా, వీధిలో పెరిగిన నాటు కుక్కకైనా చాక్లెట్ విషయంలో తేడా లేదు.

విషం ఏది?

చాక్లెట్‌కు మూలం కోకో గింజ. ఆ గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. దానితోపాటు కొంత కెఫీన్ కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి గుండెను వేగంగా కొట్టుకొనేటట్లు చేస్తాయి, నరాలను రెచ్చగొడతాయి, మూత్రాన్ని అధికం చేస్తాయి. మనిషి శరీరం థియోబ్రోమిన్‌ను త్వరగా విరిచి బయటకు పంపగలదు. లోపలికి పోయినదానిలో సగం తగ్గడానికి మనిషికి సుమారు ఏడెనిమిది గంటలు పడితే, కుక్కకు దాదాపు 17 గంటలు పడుతుంది. ఆ విధంగా విషం కుక్క ఒంటిలో చాలాసేపు నిలిచిపోతుంది. ఉదయం ఒక ముక్క, సాయంత్రం మరొక ముక్క వేసినా రెండూ కలిసి భారమవుతాయి.

ఎంత తింటే ప్రమాదం?

ఇది రెండు సంగతులపై ఆధారపడి ఉంటుంది. ఒకటి కుక్క బరువు, రెండవది చాక్లెట్ రకం. చాక్లెట్ ఎంత నల్లగా, ఎంత చేదుగా ఉంటే అంత విషం అధికమని స్థూలంగా గుర్తుంచుకోవచ్చును. ఒక గ్రాము పాల చాక్లెట్‌లో సుమారు 2 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. నల్ల చాక్లెట్‌లో సుమారు 5, కేకులకు వాడే తీపిలేని చాక్లెట్‌లో సుమారు 15 మిల్లీగ్రాములు ఉంటాయి. కోకో పొడిలో 25 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. తెల్ల చాక్లెట్‌లో ఇది నామమాత్రమే.

కుక్క బరువులో ప్రతి కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, అలజడి మొదలవుతాయి. 40 నుండి 50 మిల్లీగ్రాములైతే గుండె లయ తప్పుతుంది. 60 దాటితే మూర్ఛలు రావచ్చును. ఈ లెక్క ప్రకారం 5 కిలోల కుక్కపిల్లకు 50 గ్రాముల పాల చాక్లెట్ గాని, 20 గ్రాముల నల్ల చాక్లెట్ గాని, కేవలం 4 గ్రాముల కోకో పొడి గాని బాధ కలిగించగలదు. 12 గ్రాముల కోకో పొడి ఆ పిల్లకు మూర్ఛ తెప్పించగలదు. 15 కిలోల చిప్పిప్పారైకి 60 గ్రాముల నల్ల చాక్లెట్‌తో బాధ మొదలవుతుంది. 25 కిలోల రాజపాళయం ఒక చిన్న పాల చాక్లెట్ ముక్కను తట్టుకోవచ్చును గాని, వంటింట్లో చింపిన కోకో పొడి పొట్లంలో 60 గ్రాములు తింటే దానికి కూడా ప్రాణాపాయమే. ముసలి కుక్కలకు, గుండె జబ్బు ఉన్నవాటికి ఇంతకన్న తక్కువతోనే హాని కలుగవచ్చును.

లక్షణాలు

లక్షణాలు వెంటనే కనబడవు. సాధారణంగా 2 నుండి 12 గంటలలోపు బయటపడతాయి. కనుక "తిన్నది, హాయిగానే ఉన్నది" అని ఊరుకోరాదు. మొదట కుక్క అధికంగా నీరు త్రాగుతుంది, వాంతి చేసుకొంటుంది, కడుపు ఉబ్బుతుంది, ఒకచోట నిలువలేక తిరుగుతుంది, మాటిమాటికి మూత్రం పోస్తుంది. పిమ్మట ఒగర్చడం, వణుకు, ఒళ్లు కాలడం, గుండె దడ కనబడతాయి. చివరకు కాళ్లు బిగిసి మూర్ఛ వస్తుంది. గుండె లయ తప్పడం వలనగాని, ఒంటి వేడి అదుపు తప్పడం వలనగాని, ఊపిరి ఆగడం వలనగాని మరణం సంభవిస్తుంది. ఈ బాధ మూడు రోజుల వరకు ఉండవచ్చును.

పిచ్చికుక్క అని తొందరపడరాదు

చొంగ కార్చుతూ, వణుకుతూ, నిలకడ లేక తిరిగే కుక్కను చూసి పల్లెలో పిచ్చి పట్టినదని అనుకోవడం సహజం. కర్రలతో కొట్టి చంపే ప్రమాదం కూడా ఉన్నది. ఉదయం ఆరోగ్యంగా ఉన్న కుక్క కొన్ని గంటలలోనే ఇట్లా మారితే, దగ్గరలో చింపిన చాక్లెట్ కాగితంగాని, కోకో పొట్లంగాని, పొలంలో వాడే మందు డబ్బాగాని ఉన్నదేమో ముందుగా చూడవలెను. అయితే రేబిస్ కాదని ఇంట్లోవారు తామే తీర్పు చెప్పరాదు. కుక్క నోటి దగ్గర చేతులు పెట్టకుండా, పిల్లలను దూరంగా ఉంచి, దానిని ఒక గదిలో మూసి ఉంచి పశువైద్యునికి తెలపవలెను. ఎవరినైనా కరచినా, పుండు మీద చొంగ పడినా సబ్బుతో ధారగా పారే నీటిలో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా గురించి అడగవలెను.

చేయవలసినవి, చేయరానివి

కుక్క చాక్లెట్ తిన్నదని తెలిసిన వెంటనే మిగిలినదానిని తీసివేయవలెను. ఏ రకం, ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలకు తిన్నది, కుక్క బరువు ఎంత అనే నాలుగు సంగతులు వ్రాసుకోవలెను. పై కాగితాన్ని పారవేయక వెంట తీసుకుపోవలెను. దగ్గరలోని పశువైద్యశాలకు గాని, పశువైద్య సహాయం కొరకు ఉన్న 1962 నంబరుకు గాని ఫోను చేయవలెను. తిరునెల్వేలి దగ్గర రామయ్యన్‌పట్టిలో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉన్నది.

ఉప్పునీరు పట్టించి కక్కించడం పల్లెలలో వినబడే చిట్కా. ఇది చేయరాదు. ఉప్పు అధికమైతే అదే మరొక విషమవుతుంది. చింతపండు పులుసు కూడా పట్టరాదు. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు 2022లో ప్రచురితమైన పశువైద్య పరిశోధన తెలిపినది. వణుకుతున్న లేదా స్పృహ తప్పిన కుక్క నోటిలో నూనె, మజ్జిగ, నీరు ఏది పోసినా ఊపిరితిత్తులలోకి పోవచ్చును. పొయ్యి బొగ్గును నూరి పెట్టడం వలన కూడా ఫలం లేదు. వైద్యులు వాడే ఉత్తేజిత బొగ్గు వేరు.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. అందువలననే కాలం ముఖ్యం. తిన్న ఒకటి రెండు గంటలలోపు చేరితే వైద్యుడు మందుతో కక్కించి, ఉత్తేజిత బొగ్గు ఇచ్చి, విషం రక్తంలో కలియకుండా చాలావరకు ఆపగలడు. ఆలస్యమైతే సెలైన్ ఎక్కించడం, మూర్ఛను, గుండె దడను తగ్గించే మందులు ఇవ్వడం జరుగుతుంది. మూత్రసంచిలో నిలిచిన విషం తిరిగి రక్తంలోకి చేరుతుంది కనుక, కుక్కను తరచుగా మూత్రానికి తీసుకుపోవలెను. సకాలంలో చికిత్స అందిన కుక్కలు చాలావరకు కోలుకొంటాయి.

ముందుజాగ్రత్త

చాక్లెట్, కోకో పొడి, కోకో కలిపిన పాలపొడి డబ్బా ఎత్తైన అరలో మూతపెట్టి ఉంచవలెను. కాఫీ వడపోసిన పిప్పిలో కెఫీన్ మిగిలి ఉంటుంది కనుక దానిని కుక్కకు అందే పెంటకుప్పపై వేయరాదు. పాయసంలోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను చెడగొట్టగలదు. కొన్ని చక్కెరలేని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ దాని రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. గోదావరి జిల్లాలలో బంధువులు ఉన్నవారు అక్కడి కోకో తోటల నుండి గింజలు తెచ్చుకొంటే, వాటిని కూడా కుక్కకు అందకుండా ఎండబెట్టవలెను.

అన్నిటికన్న ముఖ్యం పిల్లలకు చెప్పడం. ప్రేమతో ఏదైనా పెట్టవలెనని పిల్లలు కోరితే, ఉప్పు కారం లేని అన్నం ముద్దగాని, ఉడికించిన గుడ్డుగాని వారి చేతికి ఇవ్వవచ్చును. చాక్లెట్ కుక్కకు పెట్టరాదని, ఒకవేళ అది తింటే దాచకుండా వెంటనే పెద్దలకు చెప్పవలెనని నేర్పవలెను. తిట్లకు భయపడి పిల్లవాడు దాచిన ఒక గంటలోనే వైద్యానికి అనువైన సమయం గడిచిపోవచ్చును.