తలుపు లేని తూము: మూత్రనాళ–మూత్రాశయ సంగమంలోని కండర నిర్మాణం

కోనసీమ రైతుకు ‘నీరు ఎగదన్నడం’ అంటే విడమరచి చెప్పనక్కరలేదు. పొలాల మురుగునీరు కాలువల గుండా గోదావరి పాయల్లోకో సముద్రంలోకో చేరుతుంది. పోటు వేళ ఉప్పునీరు వెనక్కి రాకుండా తూములకు తలుపులు ఉంటాయి. అవి తుప్పుపట్టితే చేలు చౌడుబారతాయి. మూత్రనాళం మూత్రాశయంలో కలిసేచోట శరీరానికీ ఇదే చిక్కు. అయితే అక్కడ తలుపు లేదు. ‘కవాటం’ అన్న మాట విని గుండెలోని వంటి రెక్కలను ఊహించుకోవడం పొరపాటు.

ముందుగా పేరు సంగతి చూడాలి. జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం మూత్రనాళం. మూత్రాశయం నుంచి వెలుపలికి పోయేది ప్రసేకం. వ్యవహారంలో రెండూ మూత్రనాళాలే. ఈ వ్యవస్థలో ఎక్కడ సూక్ష్మజీవులు చేరినా ‘మూత్రనాళ ఇన్ఫెక్షన్’ అనే రాస్తున్నారు. ‘బిడ్డకు మూత్రం నాళంలోకి వెనక్కి పోతోంది’ అని విన్న తల్లి తికమకపడడానికి ఈ ఒక్క గందరగోళం చాలు. ఇక్కడ మూత్రనాళమంటే మొదటిదే.

పెద్దలలో సుమారు 25–30 సెం.మీ. పొడవుండే ఈ నాళం మూత్రాశయపు గోడను నిటారుగా దూసుకుపోదు. ఏటవాలుగా, సుమారు 1.5–2 సెం.మీ. మేర గోడలోనే సాగి లోపల తెరుచుకుంటుంది. పైభాగంలో మెలికలు తిరిగిన కండరపోగులు అలలుగా బిగుస్తూ మూత్రాన్ని కిందికి నెడతాయి. గోడలోకి వచ్చాక చుట్టుపోగులు దాదాపు కనిపించవు, నిలువుపోగులే మిగులుతాయి. అవి రంధ్రం దగ్గర ఆగిపోవు. విసనకర్రలా విప్పారి, మూత్రాశయపు అడుగున ట్రైగోన్ అనే నున్నని ముక్కోణపు భాగంలో కలిసిపోతాయి. కుడి ఎడమల పోగులు మధ్యలో కలిసి గట్టులా ఏర్పడతాయి. వెలుపల, జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు వాల్డేయర్ పేరుతో పిలిచే మరో తొడుగు ఉంది. అది మూత్రాశయానికి కాస్త పైనుంచే నాళాన్ని చుట్టుకొని ట్రైగోన్ లోతుపొరను చేరుతుంది.

మూత్రాశయం నిండేకొద్దీ లోపలి ఒత్తిడి గోడలోని నాళభాగాన్ని వెనకనున్న డెట్రుసర్ కండరానికి అదిమి మూస్తుంది. పోటే తలుపు పని చేస్తుందన్నమాట! విసర్జన వేళ నిలువుపోగులూ ట్రైగోనూ బిగిసి ఆ మార్గాన్ని పొడిగించి మరింత మూస్తాయి. కనుక వెనక ఆసరా ఎంత ముఖ్యమో, గోడలోని మార్గపు పొడవూ అంతే ముఖ్యం. అది నాళపు వ్యాసానికి అయిదు రెట్లు ఉండాలని 1959లో పాక్విన్ చెప్పిన లెక్క శస్త్రవైద్యులకు నేటికీ కొలబద్ద.

నవజాత శిశువులో ఆ మార్గం సుమారు అర సెంటీమీటరే. బిడ్డ ఎదిగేకొద్దీ అది పొడవవుతుంది. స్వల్పస్థాయి ఎగదన్ను చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఈలోగా సూక్ష్మజీవులు మూత్రపిండాన్ని చేరితే మచ్చలు మిగిలే ప్రమాదముంది. జలుబూ దగ్గూ లేకుండా పసిబిడ్డకు మళ్లీమళ్లీ జ్వరం వస్తే వైద్యులు మూత్రపరీక్ష చేయించమనేది ఇందుకే.