యంత్రపాఠకుని కోసం రాత

కొత్త పరికరం ఇంటికి వచ్చినప్పుడు దానితోపాటు వాడుక విధానాన్ని తెలిపే చిన్న పుస్తకం రావడం పరిపాటి. పలువురు ఆ పుస్తకాన్ని తెరవకుండానే పరికరాన్ని వాడగలుగుతారు. పుస్తకంలో చెప్పనిదాన్ని లోకానుభవం పూరిస్తుంది. అదీ చాలనప్పుడు అడిగి తెలుసుకోవడానికి ఇరుగుపొరుగువారు ఉంటారు. ఈ రెండు ఆసరాలూ అంతగా లేని పాఠకుడు ఇటీవలి కాలంలో అవతరించాడు. అతడే కృత్రిమ మేధా ఏజెంటు.

మనిషి పని అప్పగించగానే అందుకు కావలసిన మెట్లను తానే నిర్ణయించుకొని, ఇతర సాఫ్ట్‌వేర్ ఉపకరణాలను పిలిచి, ఆ పనిని నెరవేర్చే ప్రోగ్రామును ఏజెంటు అంటారు. ఒక ఉపకరణాన్ని గురించి దానికి ప్రధానంగా అందేవి మూడే: పేరు, వివరణ, నింపవలసిన గడుల పట్టిక. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ప్రమాణంలోనూ ఉపకరణాలను పరిచయం చేసే పద్ధతి ఇదే. అందుచేత వివరణ రాసేవారి బాధ్యత పెరిగింది. ఛాయాచిత్రాలను, ధ్వనిముద్రణలను, వీడియోలను అంతర్జాలంలోకి ఎక్కించే ఉపకరణం విషయంలో అది మరింత అధికం. సమాచారాన్ని వెదికే ఉపకరణం పొరబడితే మళ్ళీ వెదకవచ్చు. ఎక్కించే ఉపకరణం పొరబడితే ఆ పొరపాటు లోకానికంతటికీ వెల్లడవుతుంది.

2004 సెప్టెంబరులో ప్రారంభమైన వికీమీడియా కామన్స్ ఇందుకు తగిన ఉదాహరణ. తెలుగు వికీపీడియా వ్యాసాలలో కనిపించే చిత్రాలలో అనేకం ఈ భాండాగారం నుంచి వచ్చినవే. ప్రోగ్రాముల ద్వారా ఫైళ్ళను ఎక్కించడానికి ఇందులో ఒక మార్గం ఉన్నది. అదే పేరుతో మరొక ఫైలు ఉన్నా, అదే చిత్రం ఇదివరకే చేరి ఉన్నా, కామన్స్ హెచ్చరించి పనిని మధ్యలో నిలుపుతుంది. పంపిన ఫైలును తాత్కాలికంగా దాచి, దాన్ని మళ్ళీ పొందడానికి ఒక గుర్తును తిరిగి ఇస్తుంది.

అక్కడే 'ఇగ్నోర్‌వార్నింగ్స్' అనే గడి ఒకటి ఉన్నది. హెచ్చరికలను లెక్కచేయక ముందుకు సాగమని దాని భావం. వివరణలో ఆ ఒక్క ముక్క మాత్రమే రాసి ఊరుకుంటే, అనుభవజ్ఞుడైన ప్రోగ్రామరు ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు. పని ముగించడమే ధ్యేయంగా గల ఏజెంటుకు మాత్రం అది మూసిన తలుపును తెరిచే ఉపాయంగా తోచవచ్చు. ఆ గడిని నింపి మళ్ళీ పంపితే, ఖాతాకు ఆ హక్కు ఉన్నట్లయితే, మరొకరి చిత్రం స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటుంది. పాత ప్రతి చరిత్రలో నిలిచే ఉంటుంది గాని, ఆ చిత్రాన్ని వాడుకొన్న వ్యాసాలన్నింటిలోనూ కొత్తదే కనిపిస్తుంది. కనుక మంచి వివరణ ఇలా సాగాలి: "హెచ్చరిక వస్తే ఆగి, దానిని ఉన్నదున్నట్లుగా వినియోగదారునికి చూపవలెను. ఆయన స్పష్టంగా అంగీకరించిన పిదపనే ఈ గడిని నింపవలెను." రెండు వాక్యాలే, అయినా వాటి విలువ పది పుటల సాంకేతిక పట్టికకు ఉండదు.

లైసెన్సు సంగతి ఇంతకన్నా సున్నితమైనది. ఒక విద్యార్థి లేపాక్షి నందిని నలభై ఛాయాచిత్రాలు తీసి, ఆ ఫోల్డరును ఎక్కించమని ఏజెంటుకు అప్పగించాడనుకుందాం. అందులో ఏదో కొత్త పుస్తకం నుంచి స్కాను చేసిన చిత్రం ఒకటి కలిసిపోయింది. లైసెన్సు గడికి 'అక్షరమాల, తప్పనిసరి' అని మాత్రమే వివరణ ఉంటే, నలభై ఒక్క చిత్రాలకూ ఏజెంటు ఒకే క్రియేటివ్ కామన్స్ లైసెన్సును అంటగట్టే అవకాశం ఉన్నది. తనది కాని చిత్రానికి లైసెన్సు ఇచ్చే అధికారం ఆ విద్యార్థికి లేదు. భారతదేశ కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి దాన్ని తీసినవారి జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ రక్షణ ఉన్నది. సొంత చిత్రాలకు ఇచ్చిన లైసెన్సునైనా తరువాత వెనక్కు తీసుకోవడం కుదరదు. ఈ గడికి ముందుగా నింపిన విలువ ఉండరాదనీ, చిత్రం ఎవరు తీశారో తెలియకపోతే ఊహించక అడగాలనీ వివరణలోనే చెప్పాలి. అడగడం వల్ల పని ఆలస్యమౌతుందనే వాదం ఉన్నది. ఆ ఆలస్యం భరించదగినదే.

చిన్న జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. కెమెరా పెట్టిన 'డీఎస్సీ 0001' వంటి పేర్లను కామన్స్ నిరాకరిస్తుంది. ఆ సంగతి ముందే చెబితే ఏజెంటు వృథా ప్రయత్నాలు మానుతుంది. చిత్రంతోపాటు అంటిపెట్టుకొని వచ్చే సమాచారంలో ఎవరైనా ఆదేశం వంటి వాక్యాన్ని దాచి ఉంచవచ్చు. అది చిత్రానికి సంబంధించిన సమాచారమే గాని యజమాని ఆజ్ఞ కాదని వివరణలో పేర్కొనాలి. నడుమ నెట్‌వర్కు తెగిపోతే ఫైలు చేరిందో లేదో చూసుకోకుండా మళ్ళీ పంపరాదు.

ఇవన్నీ రాసినంత మాత్రాన ఏజెంటు తప్పక పాటిస్తుందన్న హామీ లేదు. అందువల్ల కీలకమైన నిషేధాలను ఉపకరణం నిర్మాణంలోనే అమర్చడం మేలు. ఏజెంటు ఎవరి ఖాతాతో పనిచేసినా, ఎక్కిన ప్రతి ఫైలు చరిత్రలో నమోదయ్యేది ఆ ఖాతా పేరే.